‘డోపమైన్ తక్కువ టైపు’ అంటున్నారు, బరువులు ఎలా ఎత్తాలి?

ప్రశ్న: నా వయసు 36. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. జిమ్‌లో చేరిన ప్రతిసారీ రెండు నెలలకే విసుగొచ్చి మానేస్తున్నాను. కొత్త ట్రైనర్ నాతో ఒక ప్రశ్నావళి నింపించి, నా మెదడులో డోపమైన్ (ఉత్సాహం, ప్రేరణలతో ముడిపడిన రసాయనం) తక్కువనీ, ఆ ‘న్యూరోటైప్‌’కు భారీ బరువులు తక్కువసార్లు ఎత్తడమే సరిపోతుందనీ చెప్పారు. డోపమైన్ పెంచే క్యాప్సూల్స్ కూడా వాడమన్నారు. ఆందోళనకు ఏడాదిగా ఎసిటలోప్రామ్ 10 మి.గ్రా. వేసుకుంటున్నాను. నా టైపు ఏమిటో రక్తపరీక్షతో తేలుతుందా?

జవాబు: ముందు క్యాప్సూల్స్ సంగతి మాట్లాడుకుందాం. మీ ప్రశ్నలో నన్ను కలవరపెట్టింది బరువులు కాదు, అవే. మెదడు రసాయనాలను పెంచుతాయని అమ్మే వాటిలో టైరోసిన్, 5-హెచ్‌టీపీ, దూలగొండి గింజల సారం వంటివి తరచుగా కనిపిస్తాయి. 5-హెచ్‌టీపీ శరీరంలో సెరటోనిన్ అనే మరో మెదడు రసాయనంగా మారుతుంది. మీరు వాడే ఎసిటలోప్రామ్ పని చేసేది కూడా సెరటోనిన్ మీదనే కాబట్టి, రెండూ కలిస్తే వణుకు, చెమటలు, గుండెదడ, జ్వరం, అయోమయంతో కూడిన ‘సెరటోనిన్ సిండ్రోమ్’ అనే ప్రమాదకర స్థితి రావచ్చు. దూలగొండిలో ఉండేది లెవోడోపా, అంటే పార్కిన్‌సన్స్ (వణుకు, బిగుసుకుపోవడం వచ్చే మెదడు జబ్బు) రోగులకు వైద్యులమైన మేము మోతాదు లెక్కగట్టి ఇచ్చే మందు. మూలికలోంచి వచ్చినంత మాత్రాన వికారం పుట్టించే, బీపీ పడిపోయేలా చేసే దాని గుణాలు పోవు. కాబట్టి వాటిని మొదలుపెట్టవద్దు. ఇప్పటికే వాడి ఉండి, పైన చెప్పిన లక్షణాలు కనిపిస్తే వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి. ఎసిటలోప్రామ్‌ను మాత్రం సొంతంగా ఆపవద్దు.

ఇక పరీక్ష సంగతి. రక్తంలోని డోపమైన్‌కూ, మెదడులోని డోపమైన్‌కూ మధ్య ఒక అడ్డుగోడ ఉంది. డోపమైన్ దాన్ని దాటలేదు. పార్కిన్‌సన్స్‌లో నేరుగా డోపమైన్ ఇవ్వకుండా, ఆ గోడ దాటగల లెవోడోపా ఇవ్వడానికి కారణం ఇదే. శరీరంలోని సెరటోనిన్‌లో దాదాపు 90 శాతం పేగుల్లో తయారవుతుంది కనుక రక్తంలో దాన్ని కొలిచినా మెదడు గురించి ఏమీ తెలియదు. డోపమైన్ వంటి వాటిని మూత్రంలో కొలిచే పరీక్షలు ఉన్నాయి గానీ, అవి అడ్రినల్ గ్రంథిలో వచ్చే అరుదైన కణుతులను గుర్తించడం వంటి అవసరాలకు. మీరు ఎన్ని కిలోలు ఎత్తాలో అవి చెప్పలేవు.

మరి మీ ట్రైనర్ మాట ఎక్కడి నుంచి వచ్చింది? అమెరికన్ మానసిక వైద్యుడు రాబర్ట్ క్లోనింజర్ 1980లలో ఒక సిద్ధాంతం ప్రతిపాదించారు. కొత్తదనం కోసం తహతహలాడే స్వభావానికి డోపమైన్‌తో, కీడు శంకించి వెనకాడే స్వభావానికి సెరటోనిన్‌తో, మెప్పు కోరే స్వభావానికి నారడ్రినలిన్ అనే మరో మెదడు రసాయనంతో సంబంధం ఉంటుందన్నది దాని సారాంశం. దాన్ని ఆధారం చేసుకుని కెనడా కోచ్ క్రిస్టియన్ తిబోడో ‘న్యూరోటైపింగ్’ పేరుతో ఒక్కో టైపుకు ఒక్కో వ్యాయామ పద్ధతి రూపొందించారు. కానీ 1996లో డోపమైన్ సంకేతాన్ని అందుకునే గ్రాహకానికి చెందిన ఒక జన్యువుకూ, కొత్తదనం కోరే స్వభావానికీ ముడి ఉందని వచ్చిన ఫలితాలే తర్వాతి పరిశోధనల్లో నిలకడగా నిలబడలేదు. ఒక స్వభావానికి ఒక రసాయనం అనేంత సరళంగా మెదడు పని చేయదు. ప్రశ్నావళి మీ ఇష్టాయిష్టాలను చెబుతుంది, అంతవరకు పనికొస్తుంది. దాని చివర రసాయనం పేరు తగిలించడం మాత్రం, నా ఉద్దేశంలో, జాతకానికి ల్యాబ్ రిపోర్టు అట్ట వేయడమే.

కండరం మీ టైపు అడగదు. తేలిక బరువులైనా, భారీ బరువులైనా ఇక ఒకటి రెండుసార్లకు మించి ఎత్తలేననే దశ దాకా చేస్తే కండ దాదాపు ఒకేలా పెరుగుతుందని ఎన్నో ప్రయోగాల్లో తేలింది. గరిష్ఠ బలం పెంచుకోవడానికే భారీ బరువులు మెరుగు. అంటే మీకు నచ్చే పద్ధతిని ఎంచుకునే స్వేచ్ఛ చాలానే ఉంది. మీ స్వభావం నిజంగా అక్కరకొచ్చేది ఇక్కడే. రెండు నెలలకే విసుగొచ్చేవారు వారం వారం మొత్తం మార్చేస్తుంటారు, దాంతో ఏ వ్యాయామంలోనూ బరువు పెంచే అవకాశం దొరకదు. స్క్వాట్, రోయింగ్, బెంచ్ ప్రెస్ వంటి మూడు నాలుగింటిని 8 వారాలు కదపకుండా ఉంచి, మిగతా వాటిని మీకు తోచినట్టు మార్చుకోండి. వారానికి రెండు రోజులు చాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు సూచించే కనీసం కూడా అంతే.

మీ ఆందోళన వల్ల బరువులకు దూరం కానక్కర్లేదు. బరువుల వ్యాయామంతో ఆందోళన, కుంగుబాటు లక్షణాలు కొంత తగ్గుతాయని క్లినికల్ ప్రయోగాలు చూపాయి. అయితే ఒక చిక్కు ఉంది: భారీ సెట్టు తర్వాత గుండె దడదడలాడడం, ఊపిరి ఎగబీల్చడం పానిక్ ఎటాక్ మొదలైనట్టే అనిపించవచ్చు, కొందరు భయపడి జిమ్ మానేసేది కూడా అందుకే. అందువల్ల మొదటి నెల మధ్యస్థ బరువులతో 8 నుంచి 12 సార్లు ఎత్తండి, సెట్ల మధ్య రెండు నిమిషాలు కూర్చోండి, ఊపిరి బిగబట్టవద్దు. సాయంత్రం జిమ్‌కు వెళ్తే ప్రీ-వర్కవుట్ పొడి వద్దు. అందులోని కెఫీన్‌లో సగం తగ్గడానికే సుమారు 5 గంటలు పడుతుంది, అది దడనూ, నిద్రలేమినీ రెంటినీ పెంచుతుంది.

విసుగుతోపాటు రోజంతా నీరసం కూడా ఉంటే, డోపమైన్ పరీక్షకు పెట్టాలనుకున్న డబ్బును హిమోగ్లోబిన్, థైరాయిడ్, బీ12, విటమిన్ డీ, షుగర్ పరీక్షలకు పెట్టండి. రాత్రి గురక పెడుతున్నారేమో, మధ్యలో ఊపిరి ఆగినట్టు ఉంటోందేమో ఇంట్లోవారిని అడిగి, ఆ సమాధానాన్ని రిపోర్టులతోపాటు మీ వైద్యునికి చెప్పండి.