ముందు సూది వేయించుకో తల్లీ

ప్రశ్న: డాక్టరమ్మా, మాది కావలి పక్కన పల్లె. నాకు ఐదో నెల. ఆసుపత్రిలో రక్తం చూసి వీడీఆర్ఎల్ 1:16, టీపీహెచ్ఏ కూడా పాజిటివ్ అని రాసిచ్చారు. ఒంట్లో ఏ బాధా లేదు. మూడు సూదులు వేయించుకోవాలంట. బిడ్డకి వేడి చేస్తుంది, మాత్రలతో సరిపెట్టమంటోంది అత్తమ్మ. మా ఆయన తనకేం లేదు, పరీక్షకు రానంటున్నాడు. ఎట్టా చేసేది?
– ఒక సోదరి

జవాబు: అమ్మా, ఇది సిఫిలిస్, కలయికతో ఒకరి నుంచి ఒకరికి సోకే సుఖవ్యాధి. మన పెద్దవాళ్లు సవాయి అనేవాళ్లు. కడుపుతో ఉన్నప్పుడు వీడీఆర్ఎల్ ఒక్కోసారి ఉత్తినే పాజిటివ్ వస్తుంది, అందుకే ఖాయం చేసుకోవడానికి రెండో పరీక్ష, అదే టీపీహెచ్ఏ, చేస్తారు. నీకు రెండూ వచ్చాయి కాబట్టి ఇక అనుమానాలతో రోజులు గడపొద్దు. బాధ లేదన్నావు, ఈ జబ్బు తీరే అంత. మొదట వచ్చే పుండు నొప్పి పుట్టదు, లోపలుంటే కనపడదు, దానంతటదే మానిపోతుంది. క్రిమి మాత్రం రక్తంలోనే ఉండి, మాయ దాటి బిడ్డను చేరుతుంది. వదిలేస్తే కడుపు పోవచ్చు, బిడ్డ లోపలే చనిపోవచ్చు, నెలలు నిండకుండానే కానుపు కావచ్చు. కొందరు పిల్లలు పుట్టినప్పుడు బాగానే ఉంటారు. కొన్ని వారాలకు ముక్కు కారుతుంది, అరచేతులూ అరికాళ్లూ పొక్కుతాయి, ఎముకల నొప్పికి చెయ్యి ముట్టుకుంటేనే కేరుమంటారు. దాన్ని జలుబనుకుని ఇంట్లోనే ఉంచేసుకునే వాళ్లను చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది.

మాత్రలు వద్దు. అజిత్రోమైసిన్ మాయను సరిగా దాటదు, డాక్సీసైక్లిన్ గర్భిణులకు పనికిరాదు. నీతోపాటు బిడ్డకూ నయం చేసేది బెంజతీన్ పెన్సిలిన్ ఒక్కటే. తెల్లటి పొడి, నీళ్లు కలిపితే చిక్కటి పాలలా అవుతుంది. 24 లక్షల యూనిట్లను రెండు పిరుదులకూ చెరిసగం వేస్తారు. నొప్పిగానే ఉంటుంది, ఓర్చుకోవాలి. ఎప్పుడు సోకిందో తెలియదు గనక వారానికొకసారి, మూడు వారాలు. వారం తప్పితే మళ్లీ మొదటికి రావచ్చు. తొలి సూది పడ్డ రోజు జ్వరం, వణుకు వస్తే క్రిములు చస్తున్నాయని అర్థం. అదే అత్తమ్మ చెప్పిన వేడి అనుకుని రెండోది మానేయొద్దు. నొప్పులొచ్చినా, బిడ్డ కదలిక తగ్గినా మాత్రం ఆగకుండా ఆసుపత్రికి వెళ్లు. పెన్సిలిన్ పడదని ఇదివరకు ఎవరైనా చెప్పివుంటే ముందే చెప్పు, పెద్దాసుపత్రిలో ఉంచుకుని కొంచెం కొంచెంగా అలవాటు చేసి ఇస్తారు. కానుపుకు కనీసం నెల ముందు వైద్యం మొదలవ్వాలి. నీకింకా చాలా వ్యవధి ఉంది, భయపడకు.

మీ ఆయనకు ఈ పేజీ చదివి వినిపించు. ఎవరి నుంచి ఎవరికొచ్చిందన్న పంచాయితీ ఇప్పుడొద్దు. ఆయన మందు తీసుకోకపోతే నీకు మళ్లీ సోకుతుంది, ఆ సూదుల నొప్పంతా వృథా. ప్రభుత్వాసుపత్రిలో సుఖవ్యాధులకు చూసే సురక్షా క్లినిక్ ఉంటుంది, పరీక్షా మందూ ఉచితం. ఇద్దరి వైద్యమూ పూర్తయ్యేదాకా కలవకండి.

కానుపుకు వెళ్లేటప్పుడు సూదులు వేసిన తేదీలున్న కార్డు తప్పకుండా తీసుకెళ్లు. బిడ్డకూ రక్తపరీక్ష చేసి నీ రిపోర్టుతో పోల్చి చూస్తారు, అవసరమైతే పది రోజులు పెన్సిలిన్ ఇస్తారు. రొమ్ము మీద పుండు లేకపోతే నీ పాలు నిరభ్యంతరంగా ఇవ్వొచ్చు.