కట్‌పర్స్ అంటే జేబుదొంగేనా?

1600ల నాటి లండన్ కథలో వచ్చిన ‘కట్‌పర్స్’ని జేబుదొంగ అని రాయొచ్చా అని అడిగారు. వద్దండి. అప్పట్లో చాలామంది డబ్బు దాచుకున్నది జేబులో కాదు, నడుముపట్టీకి తాళ్లతో వేలాడే చిన్న సంచిలో. దొంగ గుంపులో ఆనుకుని నిలబడి, చిన్న కత్తితో ఆ తాళ్లు కోసి సంచి పట్టుకుపోయేవాడు. జేబులు వచ్చాక పిక్‌పాకెట్ అన్న మాట నిలబడింది. లండన్‌లో పేరుమోసిన దొంగ మేరీ ఫ్రిత్‌ని జనం ‘మోల్ కట్‌పర్స్’ అనే పిలిచేవారు. ఇప్పుడు పాతకాలపు కథల్లో తప్ప ఈ మాట వినపడదు.

సంస్కృతంలో ‘గ్రంథిభేదకుడు’ ఉంది, ముడి కోసేవాడని. అచ్చంగా అతుకుతుంది గానీ కథలో బరువవుతుంది. ‘సంచి కోసే దొంగ’ అనండి, మొదటిసారి వచ్చినచోట తాడు తెగడం కూడా చూపించండి.