రాగి ద్రావణంలో ఇనుము వేస్తే రాగి పొడి దిగుతోంది, కానీ ఆరేసరికి నల్లబడి, తర్వాత ఆకుపచ్చగా మారుతోంది. ఇనుము కూడా ఎక్కువ ఖర్చవుతోంది. ఎందుకు?

మీరు చెప్పినదాన్ని బట్టి రాగి దిగడంలో లోపమేమీ లేదు. కడగడం, ఆరబెట్టడం దగ్గరే తేడా వస్తోంది. అనంతపురం దగ్గర ఒక చిన్న యూనిట్‌లో నేను ఇదే పని చేసేవాణ్ణి, మొదట్లో నాకూ ఇలాగే అయింది.

డ్రమ్ములో కాపర్ సల్ఫేట్ ద్రావణం పోసి, లేత్ షాపు నుంచి తెచ్చిన ఇనుప రజను వేసేవాళ్లం. నీలం రంగు మెల్లగా తగ్గి లేతాకుపచ్చకు తిరిగేది, అడుగున ఎర్రటి పొడి చేరేది. దాన్ని గుడ్డలో వడగట్టి, బోరు నీళ్లతో మూడుసార్లు కడిగి, ట్రేలో పరిచి మేడ మీద ఎండలో పెట్టాను. సాయంత్రానికి పైపొర నల్లబడింది. నాలుగు రోజులకు అంచుల్లో ఆకుపచ్చ మచ్చలు లేచాయి. ఎంత బాధేసిందో!

నల్లబడటం ఆక్సైడ్ వల్ల. తడిగా ఉన్న సన్నటి రాగికి ఎండ, గాలి తగిలితే చాలు. ఆకుపచ్చ రంగుకు కారణం మాత్రం ఉప్పులో ఉండే క్లోరైడ్. మా బోరు నీళ్లు ఉప్పగా ఉండేవి, అంటే కడుగుతున్నామనుకుంటూ ఉప్పు పట్టించాం. మీరూ బోరు నీళ్లే వాడుతుంటే ముందు అది మానేయండి.

తర్వాత ఇలా మార్చాం. వడగట్టిన పొడిని 5 శాతం సల్ఫ్యూరిక్ ఆసిడ్‌లో కలియబెడితే మిగిలిన ఇనుము, ఆక్సైడ్ కరిగిపోతాయి. అయస్కాంతానికి పాలిథిన్ కవర్ చుట్టి ఆ ముద్దలో తిప్పండి, ఏమీ అంటకపోతే ఇనుము పోయినట్టే. ఆ తర్వాత ఆర్వో నీళ్లతో కడగండి. చివరి కడుగు నీటిలో రెండు చుక్కల నైట్రిక్ ఆసిడ్, కాస్త సిల్వర్ నైట్రేట్ వేసి చూడండి. తెల్లగా మసకబారితే క్లోరైడ్ ఇంకా ఉన్నట్టే, మళ్లీ కడగాలి.

ఇనుము ఎక్కువ ఖర్చవుతోందని కూడా రాశారు కదా. లెక్క ప్రకారం కిలో రాగికి 0.88 కిలోల ఇనుము సరిపోవాలి, కానీ ఆసిడ్ మిగిలి ఉంటే అదీ ఇనుమును తింటుంది, ద్రావణంలో ఫెర్రిక్ (ఎక్కువ ఆక్సీకరణ చెందిన ఇనుము లవణం) ఉంటే అదీ తింటుంది. ద్రావణం పీహెచ్ (ఆమ్లత్వం కొలత) 2 దగ్గర ఉంచండి. రజనుకు ఉన్న ఆయిల్‌ను ముందే వేడి కాస్టిక్ సోడా నీళ్లతో కడిగేయాలి, లేకపోతే రాగి సరిగా దిగదు.

ఒక్క విషయం మాత్రం నా మాట విని తీరాలి. ద్రావణంలో ఆర్సెనిక్ ఉందేమో ల్యాబ్‌లో చూపించకుండా ఇనుము వేయకండి. ఆసిడ్‌లో అది ఆర్సీన్ గ్యాస్‌గా వస్తుంది, ప్రాణం తీస్తుంది. హైడ్రోజన్ ఎలాగూ వస్తుంది కాబట్టి ఆరుబయటే చేయండి, దగ్గర నిప్పు ఉండకూడదు.

ఆరబెట్టడానికి ఎండ వద్దు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఒకసారి కడిగి, వాక్యూమ్ ఓవెన్‌లో (లోపలి గాలి తీసేసే ఓవెన్) 60 డిగ్రీల దగ్గర పెట్టండి, పూర్తిగా చల్లారాకే తీయండి. మేము అలా ఆరబెట్టి గాలి చొరని డబ్బాలో మూసిన పొడి ఆరు నెలల తర్వాత తీసినా ఎర్రగానే ఉంది.