ఫ్లింట్ సమ్మె మీద నవల రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ చిత్తుప్రతి మొత్తం చదివాను. మాంద్యం రోజుల అమెరికా, మిషిగన్‌లోని ఫ్లింట్ పట్నం, జనరల్ మోటార్స్ కార్ల కార్ఖానాలో లోపలే కూర్చుని చేసిన బైఠాయింపు సమ్మె. వస్తువు గట్టిది. అయితే యూనియన్‌కు ఒక భాగం, పేదలకు సర్కారు సాయం (రిలీఫ్) ఇచ్చే ఆఫీసుకు ఒక భాగం, రాజకీయ నాయకులకు మరో భాగం అని పంచేశావు. ఆ కాలంలో ఈ మూడూ ఒకే ఇంటి తలుపు తట్టేవి. మగవాడు కార్ఖానాలో కూర్చున్నాడు, పిల్లలకు రొట్టె రిలీఫ్ చీటీ మీద రావాలి, ఆ చీటీ ఆగకూడదంటే పైన గవర్నరు అడ్డుపడకూడదు. మూడింటినీ కలిపి అల్లితేనే నీ కథ నిలబడుతుంది.

ముందు తేదీలు సరిచెయ్యి. 1933లో వచ్చిన పారిశ్రామిక పునరుద్ధరణ చట్టం, 7(ఎ) సెక్షన్ కింద కార్మికులకు సంఘం పెట్టుకునే హక్కు ఇచ్చింది. అమలు చేయించే బలం మాత్రం లేదు. దాంతో యాజమాన్యాలు తమ జేబు సంఘాలు పెట్టించాయి. 1935 మే 27న సుప్రీంకోర్టు ఆ చట్టాన్నే కొట్టేసింది. జూలై 5న సంఘం హక్కును మళ్ళీ నిలబెట్టే వాగ్నర్ చట్టం వచ్చినా, అదీ కోర్టులో నిలవదన్న నమ్మకంతో చాలా కంపెనీలు లెక్కచెయ్యలేదు. కోర్టు దాన్ని సమర్థించింది 1937 ఏప్రిల్ 12న. ఫ్లింట్ సమ్మె 1936 డిసెంబర్ 30న మొదలై 1937 ఫిబ్రవరి 11కే ముగిసింది. కాబట్టి నీ నాయకుడు ‘చట్టం మన వైపుంది’ అని ధీమాగా ఉపన్యాసం దంచడం కుదరదు. ఆ పేజీలు తీసెయ్యి.

లోపలే ఎందుకు కూర్చున్నారో నీ పాఠకుడికి అర్థం కావాలి. 1934లో వేలల్లో ఉన్న ఫ్లింట్ యూనియన్ సభ్యత్వం 1936 నాటికి వంద చిల్లరకు పడిపోయింది. కారణం వేగులు. 1934 జనవరి నుంచి 1936 జూలై వరకు జనరల్ మోటార్స్ డిటెక్టివ్ ఏజెన్సీలకు ముట్టజెప్పింది పది లక్షల డాలర్లకు కాస్త తక్కువ. సెనేట్ కమిటీ విచారణలో తేలిన లెక్క ఇది. అందుకే నిర్వాహకులు హాలు సభలు మానుకుని, ఇళ్ళల్లో, కొద్దిమందితో కలిసేవారు. నువ్వు రాసిన బహిరంగ సభ ఆ నెలల్లో అసంభవం. అదీగాక, గేటు బయట నిలబడితే బదులు మనుషుల్ని లోపలికి తోలతారు. లోపల కూర్చుంటే అది సాగదు, పైగా డైలు చేజారవు. డైలంటే రేకును కారు బాడీ ఆకారానికి నొక్కే బరువైన ఇనుప అచ్చులు. వాటిని రైలెక్కించి వేరే ఊళ్ళకు తరలిస్తున్నారన్న కబురుతోనే, జనరల్ మోటార్స్ కారు బాడీలు చేసే ఫిషర్ ఒకటో ప్లాంటులో సమ్మె అంటుకుంది. నీ ప్రతిలో డైల ఊసే లేదు!

వంటశాల మీద ఒక అధ్యాయమంతా ఖర్చుపెట్టు. వంట లోపల కాదు, బయట. ఒక్క రోజుకు మాంసం 500 పౌండ్లు, రొట్టెలు 300 పట్టేవి. వండినదంతా గేటు దాటి లోపలికి వెళ్ళాలి. జనవరి 11న ఫిషర్ రెండో ప్లాంటులో యాజమాన్యం దెబ్బకొట్టింది సరిగ్గా ఇక్కడే: గడ్డకట్టే చలిలో వెచ్చదనం ఆపేసింది, అన్నం అందించే నిచ్చెన తీయించింది, గేటుకు తాళం వేసింది. తర్వాత పోలీసుల బాష్పవాయువు, లోపలినుంచి అగ్నిమాపక గొట్టాల నీళ్ళు, కారు తలుపుల బందులు. తూటాలకు పదిమందికి పైగా గాయపడ్డారు, ఎవరూ చనిపోలేదు. నువ్వు ఒకణ్ణి చంపావు. దయచేసి బతికించు. లోపల కార్ల సీట్ల మీద పడుకున్నారు, మద్యం నిషేధం, రోజూ ఊడ్చడం తప్పనిసరి. ఆడవాళ్ళను మొదట్లోనే ఇళ్ళకు పంపేశారు, అందుచేత నీ నాయిక రాత్రిళ్ళు లోపల ఉండదు. ఆమె చోటు వంటశాలలో, గేటు ముందు, జనవరి ఘర్షణ తర్వాత జెనోరా జాన్సన్ కూడగట్టిన మహిళల అత్యవసర దళంలో.

రిలీఫ్ ఆఫీసు మనిషిని దుర్మార్గురాలిగా చూపించావు. అది అన్యాయం. ఆమె ఇంటికొచ్చి అద్దె రసీదు, బ్యాంకు పుస్తకం, బీమా పత్రం అడుగుతుంది, బంధువుల ఆరా తీస్తుంది. కుటుంబానికి ఇంత కావాలని లెక్కకట్టి, వచ్చే ఆదాయం తీసేసి, మిగిలిన లోటుకు చీటీ రాస్తుంది. చాలాచోట్ల చేతికి డబ్బివ్వరు, కిరాణా కొట్టుకు చీటీ ఇస్తారు. కొట్లో అందరి ముందూ ఆ చీటీ తియ్యడంలోని తలవంపు నీ కలం పట్టుకోవాలి. ఆమె జీతమూ అంతంతమాత్రమే. కొన్ని నగరాల్లో రిలీఫ్ ఉద్యోగులే సంఘం పెట్టుకున్నారు. సామాజిక సేవ నుంచే వచ్చి ఫెడరల్ రిలీఫ్ శాఖకు అధిపతి అయిన హ్యారీ హాప్కిన్స్ 1933లో ఒక నియమం పెట్టాడు: కార్మికశాఖ సమ్మెను అన్యాయమని తేల్చితే తప్ప, సమ్మెదారుడి ఇంటిని మిగతా బీద ఇళ్ళలాగే చూడాలి. కానీ ఫెడరల్ ప్రభుత్వం నేరుగా రిలీఫ్ నిధులివ్వడం 1935 ఆఖరుతో ముగించి, ఆ బరువు రాష్ట్రాలకూ కౌంటీలకూ వదిలింది. 1937 ఫ్లింట్‌లో వాషింగ్టన్ చీటీ అని రాస్తే తప్పు.

అందుకే గవర్నరు కీలకం. ఫ్రాంక్ మర్ఫీ డెట్రాయిట్ మేయరుగా మాంద్యాన్ని దగ్గరగా చూసినవాడు. గద్దెనెక్కింది 1937 జనవరి 1న, అంటే సమ్మె మూడో రోజు. రాష్ట్ర సైనిక దళమైన నేషనల్ గార్డును పంపాడు, కానీ ఖాళీ చేయించడానికి కాదు, రెండు పక్షాల మధ్య నిలబెట్టడానికి. ఖాళీ చెయ్యమని మొదటి కోర్టు ఉత్తర్వు ఇచ్చిన జడ్జికి ఆ కంపెనీలోనే రెండు లక్షల డాలర్ల పైబడిన వాటాలున్నట్టు బయటపడింది. ఆ సన్నివేశం కల్పించాల్సిన పనే లేదు. మర్ఫీ లాంటి ఉదారవాదుల పరిమితీ చూపించు: వాగ్నర్ చట్టం, సామాజిక భద్రతా చట్టం రెండూ పొలం కూలీలనూ ఇంటిపనివాళ్ళనూ వదిలేశాయి. నల్లజాతి కార్మికుల్లో చాలామంది ఆ పనుల్లోనే ఉన్నారు.

చివరి అధ్యాయం విజయోత్సవంతో ఆపేశావు. కంపెనీతో కుదిరిన ఒప్పందం ఒక్క పేజీ, అదీ 17 ప్లాంట్లకు, ఆరు నెలలకే. ఆ ఆరు నెలల్లో సభ్యత్వం ఎలా పెంచారో, ఫోర్‌మన్ మాట తీరు ఎలా మారిందో రాయి. 1938లో మర్ఫీ ఓడిపోయాడు, 1939లో సుప్రీంకోర్టు బైఠాయింపు సమ్మెలు చట్టవిరుద్ధమంది. కథను అక్కడిదాకా లాక్కొచ్చి, మొదట వంటశాల అధ్యాయం పంపించు.

మీ అన్న