సంతకం పెట్టేముందు ఆ ఒక్క పేజీ చదువు

బంగారూ,

నీ వాయిస్ మెసేజ్ విన్నా. చేరబోయే కంపెనీ ఓనర్లు బాగా భక్తిపరులు, ఇన్సూరెన్స్‌లో బర్త్ కంట్రోల్ ఇవ్వరంట పిన్నీ, జాయినవ్వనా వద్దా అని అడిగావు కదా. ఇక్కడ అమెరికాలో ఉద్యోగుల బెనిఫిట్స్ చూసే పనిలోనే నా జుట్టు నెరిసింది కాబట్టి చెప్తున్నా, "ఇవ్వరంట" అన్న మాట పట్టుకుని మంచి ఉద్యోగం వదులుకోకు, అలాగని గుడ్డిగా సంతకమూ పెట్టకు.

ఒబామాకేర్ అనే ఇన్సూరెన్స్ చట్టం వచ్చాక గర్భనిరోధకాలు కూడా కోపే, అంటే మన చేతి నుంచి కట్టే వాటా, లేకుండా ఇవ్వాలన్నారు, ఓక్లహోమాకి చెందిన హాబీ లాబీ అనే షాపుల కంపెనీ వాళ్లు మా మతం ఒప్పుకోదని కోర్టుకెళ్లారు, 2014లో సుప్రీంకోర్టు 5-4తో వాళ్ల వైపే చెప్పింది, 1993 నాటి మతస్వేచ్ఛ చట్టం అలాంటి కుటుంబ కంపెనీలకి కూడా వర్తిస్తుందని. కానీ వాళ్లు కాదన్నది 20 రకాల్లో నాలుగే, రెండు ఎమర్జెన్సీ మాత్రలు, రెండు ఐయూడీలు, అంటే గర్భసంచిలో పెట్టే సాధనాలు. రోజూ వేసుకునే మాత్రలతో వాళ్లకి పేచీ లేదు. మరి మీవాళ్లు తీసేసింది నాలుగా, మొత్తమా? అది తెలియాలి ముందు.

అప్పట్లో ఓనర్ ఒప్పుకోకపోతే ఇన్సూరెన్స్ కంపెనీయే విడిగా ఇచ్చే ఏర్పాటు ఉండేది. ట్రంప్ మొదటి టర్మ్‌లో అది ఓనర్ ఇష్టమన్నారు, 2020లో సుప్రీంకోర్టు 7-2తో సరేనంది, కాబట్టి దాని మీద ఆశ పెట్టుకోకు.

హెచ్ఆర్‌తో మతం మీద వాదన మాత్రం పెట్టుకోకమ్మా, పాపం ఆవిడా జీతగత్తే. ఎస్‌పీడీ, అంటే సమ్మరీ ప్లాన్ డిస్క్రిప్షన్, అని ప్లాన్ వివరాలు చెప్పే డాక్యుమెంట్ ఉంటుంది, ఈమెయిల్‌లో అడుగు, ప్లాన్‌లో చేరాక రాసి అడిగితే 30 రోజుల్లో ఇవ్వాల్సిందే. అందులో ఏవి కవర్ చెయ్యరో రాసే ఎక్స్‌క్లూజన్స్ పేజీ చదువు, రంగురంగుల బ్రోషర్ కాదు.

ఇంకోటి, ప్లాన్ సెల్ఫ్ ఫండెడా ఫుల్లీ ఇన్సూర్డా అని అడుగు. నువ్వుండేది కాలిఫోర్నియా, ఇన్సూరెన్స్ కంపెనీ దగ్గర కొన్న ప్లానైతే గర్భనిరోధకాలు ఇవ్వాలని స్టేట్ చట్టమే ఉంది, అందులో మినహాయింపు చర్చిల్లాంటి వాటికే గానీ వ్యాపారాలకి లేదు. అదే కంపెనీ సొంత డబ్బుతో నడిపే సెల్ఫ్ ఫండెడ్ ప్లాన్‌ని స్టేట్ ముట్టుకోలేదు. కార్డు చూసి మోసపోకు, రెండిట్లోనూ అదే పెద్ద కంపెనీ లోగో ఉంటుంది.

నువ్వు వేసుకునేది పీసీఓడీకి కదా, హైదరాబాద్ డాక్టరమ్మ రాసిన మాత్రలే కదా. గర్భనిరోధకానికి ఇవ్వని ప్లాన్లు కూడా కొన్ని జబ్బుకైతే ఇస్తాయి, అందుకే ఇక్కడి డాక్టర్ చేత పీసీఓడీ అని డయాగ్నోసిస్ స్పష్టంగా రాయించు, లేకపోతే కౌంటర్ దగ్గర క్లెయిమ్ రిజెక్టయి నిలబడతావు. మామూలు మాత్రలైతే ఎలాగో చేతి డబ్బుతో కొనుక్కోవచ్చు. ఐయూడీ అలా కాదు, దాని ఖర్చు కనీస వేతనానికి పనిచేసే మనిషికి దాదాపు నెల జీతమని సుప్రీంకోర్టు జడ్జి జస్టిస్ గిన్స్‌బర్గ్ ఆ హాబీ లాబీ కేసులోనే రాసింది.

వాళ్ల నమ్మకాన్ని నేను తప్పు పట్టను, కానీ ఇన్సూరెన్స్ కూడా నీ కష్టార్జితమే, జీతంలో భాగమే, ఆ జీతంతో ఏం కొనుక్కుంటావో అడగని ఓనర్‌కి ఇందులో మాత్రం మాటెందుకో నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఎక్స్‌క్లూజన్స్ పేజీ రాగానే ఫొటో తీసి వాట్సాప్ చెయ్, బాబాయ్ గ్రూపులో పెట్టకు, నాకు విడిగా పంపు.

పిన్ని