పాఠకుల ప్రశ్నలు: స్లాబ్ పడకముందే నెట్ పైపు

ప్రశ్న: హనుమకొండ నయీంనగర్‌లో కింద ఒకటి, పైన ఒకటి పోర్షన్లతో ఇల్లు కడుతున్నాం. వచ్చే వారం కింది స్లాబ్. ఎలక్ట్రీషియన్ ఏమో "ఇప్పుడంతా వైఫైయే కదా సార్, నెట్ వైరు దండగ" అంటున్నాడు. ఇంటి నుంచి పనిచేసే మా పెద్దబ్బాయి వైరు కావాల్సిందే అంటున్నాడు. దుకాణంలో క్యాట్ 6 రకం నెట్ వైరు 305 మీటర్ల డబ్బాలు రెండు రకాలు చూపించి, ఒకటి రెండోదాని ధరలో సగానికే ఇస్తామన్నారు. తీసుకోమంటారా?

జవాబు: మీ అబ్బాయి మాట పూర్తిగా, ఎలక్ట్రీషియన్ మాట సగం వినండి. వైఫై లేకుండా ఇప్పుడు ఏ ఇల్లూ నడవదు, నిజమే, కానీ కింద హాల్లో పెట్టిన రూటరు సిగ్నల్ ఇనుప చువ్వలు కట్టిన స్లాబు దాటి, రెండు గోడలు దాటి పై బెడ్రూంకి చేరేసరికి పానం పోయినట్టే ఉంటుంది, ముఖ్యంగా 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్. పైన ఇంకో వైఫై డబ్బా పెట్టాల్సిందే, దానికి కింది నుంచి వైరు ఇవ్వాల్సిందే.

ముందు పైపు సంగతి చూడండి, ఎందుకంటే వైరు ఆర్నెల్ల తర్వాతైనా కొనొచ్చు, స్లాబ్ పడ్డాక పైపు వేయలేరు. నెట్‌కి 25 ఎంఎం పీవీసీ పైపు విడిగా వేయించండి. కరెంటు తీగలున్న పైపులోనే దీన్నీ దూర్చేస్తానంటే ఒప్పుకోవద్దు, అది ప్రమాదం కూడా. రెండు పైపులూ పక్కపక్కనే పోవాల్సి వస్తే మధ్యలో అడుగు ఎడం ఉంచమనండి, ఒకదాన్నొకటి దాటే చోట అడ్డంగా దాటితే చాలు. మూలల్లో ఎల్బోలు పెడితే తర్వాత కేబుల్ గుంజేటప్పుడు అక్కడే పట్టేస్తుంది, కాబట్టి పైపునే నెమ్మదిగా వంచాలి. తర్వాత కేబుల్ కట్టి గుంజడానికి ప్రతి పైపులో ఒక జీఐ (జింకు పూత ఇనుప) తీగ వదలండి. స్లాబ్ పోసే రోజు పైపు మూతులకు టేపు చుట్టారో లేదో మీరే పైకెక్కి చూడండి, సిమెంటు పాలు లోపలికి దిగి గడ్డకట్టాయంటే ఆ పైపు ఉన్నా లేనట్టే. మేస్త్రి "అన్నీ చూశాం సార్" అంటాడు, అయినా చూడండి.

ఇక వైర్లు గుంజే పద్ధతి. కరెంటు పనికి అలవాటైన చెయ్యి ఒక స్విచ్‌బోర్డు నుంచి ఇంకోదానికి లూపు వేసుకుంటూ పోతుంది. నెట్‌కి అది పనికిరాదు. ప్రతి పాయింటు నుంచి వైరు మధ్యలో అతుకు లేకుండా నేరుగా ఒకే చోటికి, అంటే ఫైబర్ వచ్చి రూటరు ఉండే చోటికి రావాలి. ఆ చోట రెండు ప్లగ్గులు పెట్టించి వాటికి ఇన్వర్టర్ లైను ఇప్పించండి, కరెంటు పోయినా మీ అబ్బాయి మీటింగు ఆగదు. బయటి నుంచి ఫైబర్ రావడానికి గోడలో ఇంకో ఖాళీ పైపు కూడా వేయండి, లేకపోతే కనెక్షన్ ఇచ్చే పిల్లగాడు కొత్త రంగు వేసిన గోడకి డ్రిల్లు పెడతాడు. మీది నయీంనగర్ అన్నారు, 2020 ఆగస్టులో, 2023 జులైలో అక్కడ నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో మీకే బాగా తెలుసు. రూటరు డబ్బా కింది పోర్షన్‌లో మోకాలెత్తులో కాకుండా తల ఎత్తులో పెట్టుకోండి, వీలైతే మెట్ల దగ్గర పై పోర్షన్‌లోనే.

సగం ధర డబ్బా జోలికి మాత్రం పోవద్దు. అది దాదాపుగా అల్యూమినియం తీగకు పైన రాగి పూత పూసిన సరుకు అయి ఉంటుంది, డబ్బా మీద ఎక్కడో సన్న అక్షరాల్లో సీసీఏ అని ఉంటుంది, కొన్నిటి మీద అదీ ఉండదు. ఒక తీగ కొసను బ్లేడుతో గీకండి, లోపల తెల్లగా మెరిస్తే అల్యూమినియమే. రెండు డబ్బాలూ ఎత్తి చూసినా తెలుస్తుంది, రాగిది బరువు. ఇందులో అనుభవం నాదే. ఎనిమిదేళ్ల కింద కాజీపేటలో ఇల్లు కట్టినప్పుడు నేనూ ఇలాగే చవకని ఎగబడ్డాను. కంప్యూటర్‌కి బాగానే నడిచింది, కానీ గేటు దగ్గర పెట్టిన కెమెరా, అదే నెట్ వైరులోంచే కరెంటు తీసుకునే రకం, పగలంతా బాగుండి చీకటి పడగానే ఆగి మళ్లీ మొదలవడం. రెండు కెమెరాలు మార్చాను, అడాప్టర్ మార్చాను. అసలు సంగతేంటంటే, రాత్రి కెమెరాలో ఇన్‌ఫ్రారెడ్ లైట్లు వెలిగితే కరెంటు ఎక్కువ గుంజుతుంది. రాగి కంటే అల్యూమినియం కరెంటును ఎక్కువ అడ్డుకుంటుంది కాబట్టి దారిలోనే వోల్టేజీ పడిపోతుంది. పైపు కూడా సరిగ్గా వేయించలేదు, పాత వైరు ఊడిరాలేదు. చివరికి హాలు గోడ మీద తెల్ల కేసింగ్ పట్టీ కొట్టించాను, వచ్చిన ప్రతి చుట్టమూ దాన్ని చూసి "ఇదేంది" అని అడగడం, మా ఆవిడ నా వైపు చూడడం.

అసలు మీకు డబ్బా మొత్తం అవసరమే లేదు. పది పాయింట్లు, ఒక్కోదానికి 15 మీటర్లు వేసుకున్నా 150 మీటర్లు, అంటే సగం డబ్బా. అసలు రాగిది మీటర్ల లెక్కన కోయించుకోండి, ఇంచుమించు ఆ చవక డబ్బా డబ్బులతోనే పని అయిపోతుంది. దీనికంటే పాత రకం క్యాట్ 5ఈ అయినా వంద మీటర్ల దాకా ఒక గిగాబిట్ (వెయ్యి ఎంబీపీఎస్) మోస్తుంది, క్యాట్ 6 అయితే 55 మీటర్ల వరకు పది గిగాబిట్లు. గోడలోకి పోయేది కాబట్టి క్యాట్ 6 వేయండి.

ప్రశ్న: కరీంనగర్‌లో మాది అపార్ట్‌మెంట్. 300 ఎంబీపీఎస్ ప్లాను. ఫోన్‌లో వైఫై మీద 250 దాటుతోంది, కంప్యూటర్‌కి వైరు పెడితే 94, 95 దగ్గర ఆగుతోంది. కంపెనీవాళ్లను అడిగితే "మా వైపు అంతా బాగుంది" అంటున్నారు.

జవాబు: ఈసారికి వాళ్లు చెప్పింది నిజమే. 94, 95 అని చూడగానే జబ్బు తెలిసిపోతుంది, మీ కంప్యూటర్‌కీ రూటరుకీ మధ్య లింకు వంద ఎంబీపీఎస్ దగ్గర కుదిరింది, అందులో కొంత డేటా మోసే సంచి బరువుకే పోతుంది. గిగాబిట్ నడవాలంటే వైరులోని ఎనిమిది తీగలూ కలవాలి. వందకైతే నాలుగు చాలు, ప్లగ్గులో 1, 2, 3, 6 నంబర్లవి. మిగతా నాలుగింటిలో ఒక్కటి తెగినా, ప్లగ్గులో సరిగ్గా దిగకపోయినా కంప్యూటర్, రూటరు చప్పుడు చేయకుండా వందకు దిగిపోతాయి. వైరు పొదుపు కోసం నాలుగు తీగలు ఒక ఫ్లాటుకి, నాలుగు పక్క ఫ్లాటుకి ఇచ్చిన మహానుభావుల పని కూడా నేను చూశాను. ముందు రూటరు పక్కన కూర్చొని రెండు మీటర్ల మంచి రెడీమేడ్ వైరుతో చూడండి. అప్పుడు 300 వస్తే తప్పు గోడలోదే. ఎనిమిది లైట్ల టెస్టర్ ఉన్నవాడిని పిలిచి రెండు కొసలకూ ప్లగ్గులు కొత్తగా కొట్టించండి, తీగల రంగుల వరుస ఇది: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. రెండేసి తీగలు మెలేసి ఉన్న జంటల మెలిక అర అంగుళం కంటే ఎక్కువ విప్పొద్దని చెప్పండి. అప్పుడూ 95 దగ్గరే ఉంటే మీ కంప్యూటర్ పోర్టో, మధ్యలో ఏదైనా పాత స్విచ్ డబ్బానో వందదే అయి ఉంటుంది. టీవీ గురించి టెన్షన్ వద్దు, చాలా టీవీల్లో వచ్చే పోర్టే వందది, 4కే సినిమాకి 25 ఉంటే సరిపోతుంది.

ప్రశ్న: క్యాట్ 7, క్యాట్ 8 అని ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి, ఇంటికి అవి మంచివా? (వరంగల్)

జవాబు: వద్దు. క్యాట్ 8 డేటా సెంటర్ల కోసం, 30 మీటర్ల లోపు దూరాలకు చేసింది. పైగా వీటికి చుట్టూ రేకు కవచం ఉంటుంది, దాన్ని సరిగ్గా ఎర్త్ చేయకపోతే ఆ డబ్బులు వృథా.

ప్రశ్న: మాది జగిత్యాల దగ్గర పల్లె. మా ఇంటి నుంచి వాకిలి అవతల తమ్ముడి ఇంటికి అరవై మీటర్లు ఉంటుంది, నెట్ వైరు పైనుంచి వేశాం. రెండుసార్లు కోతులు ఊగి తెంపాయి, మొన్న పిడుగు పడితే రెండిళ్ల రూటర్లూ పోయాయి.

జవాబు: కోతుల సంగతి కన్నా పిడుగు సంగతి పెద్దది. రెండు ఇళ్ల మధ్య రాగి తీగ వేస్తే దగ్గర్లో పిడుగు పడినప్పుడు ఆ తీగే కరెంటుకు తోవ అవుతుంది. కవచం ఉన్న వైరు వేసినా లాభం లేదు. అక్కడ ఫైబర్ వేయండి, గాజు కాబట్టి కరెంటు దాటదు. రెండు కొసల్లో చెరో మీడియా కన్వర్టర్ డబ్బా (ఫైబర్‌లోని వెలుగును మామూలు నెట్ వైరు సిగ్నల్‌గా మార్చేది) పెట్టాలి, ఒకే పోగు మీద నడిచే రకమైతే ఏ, బీ అని జతగా కొనాలి, రెండూ ఏ తెస్తే వెలగవు. వైరును బోరు పనికి వాడే నల్ల హెచ్‌డీపీఈ పైపులో వేసి అడుగున్నర లోతు కాలువ తీసి పూడ్చేయండి, కోతులకూ అందదు. పైపు రెండు కొసలూ ఇంటి వైపు పైకి ఎత్తి మూతి బిగించండి, లేకపోతే వానాకాలంలో లోపల నీళ్లు నిలుస్తాయి.