జీతం చిప్‌ల నుంచే... పొలం డబ్బూ చిప్‌లలోకేనా?

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. హైదరాబాద్‌లో ఒక అమెరికన్ చిప్ కంపెనీలో వెరిఫికేషన్ ఇంజినీర్‌ని. మావారు మరో చిప్ కంపెనీలో ఫిజికల్ డిజైన్ చేస్తారు. ఇంటి లోన్ ఇంకా 62 లక్షలుంది, వడ్డీ 8.5 శాతం, ఈఎంఐ 58 వేలు. ఈఎంఐతో కలిపి నెల ఖర్చు 1.3 లక్షలు. కంపెనీ జీతంతో పాటు నాకిచ్చిన ఆర్‌ఎస్‌యూ షేర్ల విలువ ఇప్పుడు 74 లక్షలు. మ్యూచువల్ ఫండ్లలో 11 లక్షలు, బ్యాంకులో 2 లక్షలు ఉన్నాయి. తెనాలి దగ్గర పొలం అమ్మి నాన్నగారు 15 లక్షలు నా ఖాతాలో వేశారు. ఏఐ వల్ల సెమీకండక్టర్లకు, అంటే చిప్‌లకు, వచ్చే పదేళ్లూ తిరుగుండదని ఆఫీసులో అందరూ అంటున్నారు. ఆ డబ్బంతా అమెరికాలో, చాలా చిప్ కంపెనీల షేర్లను ఒకే బుట్టగా కొనే సెమీకండక్టర్ ఈటీఎఫ్‌లో పెట్టమంటారా?
కొండాపూర్ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: వద్దమ్మా. చిప్‌లకు గిరాకీ ఉండదని కాదు, ఆ గిరాకీ మీదే మీ ఇల్లు ఇప్పటికే నడుస్తోంది. మీ జీతం, మీవారి జీతం, 74 లక్షల షేర్లు అన్నీ ఒకే పరిశ్రమవి. మీరు అడిగిన ఈటీఎఫ్‌లలో సాధారణంగా ఉండేది పాతిక, ముప్పై కంపెనీలు. మీ కంపెనీ కూడా వాటిలో ఒకటి కావచ్చు. కొత్తగా ఏదో కొన్నట్టు అనిపిస్తుంది గానీ, ఉన్నదాన్నే మరికాస్త కొంటారు.

మీ ఆఫీసువాళ్లు చెప్పేదాంట్లో నిజం ఉంది. 2024లో ప్రపంచవ్యాప్తంగా చిప్‌ల అమ్మకాలు 62 వేల కోట్ల డాలర్లు దాటాయి. అంతకు ముందు ఏడాదితో పోలిస్తే దాదాపు 19 శాతం పెరిగాయి. 2023 జనవరితో ముగిసిన ఆర్థిక సంవత్సరంలో ఏఐ చిప్‌లు అమ్మే ఎన్విడియా ఆదాయం 2,700 కోట్ల డాలర్లు ఉంటే, రెండేళ్లకే అది 13 వేల కోట్లు దాటింది. ఆ ఏఐ చిప్‌లను తయారుచేసి ఇచ్చేది తైవాన్‌లోని టీఎస్‌ఎంసీ. అందుకు కావాల్సిన, చిప్ మీద అతి సన్నని గీతలు ముద్రించే ఈయూవీ యంత్రాలను ప్రపంచం మొత్తం మీద నెదర్లాండ్స్‌లోని ఏఎస్‌ఎంఎల్ ఒక్కటే చేస్తుంది. పదేళ్లలో చిప్‌ల వాడకం పెరుగుతుందనే నేనూ నమ్ముతాను.

కానీ ఆ పెరుగుదల ఎక్కడిదో చూడండి. అదే 2024లో కార్లకు, ఫ్యాక్టరీలకు చిప్‌లు చేసే కంపెనీల అమ్మకాలు నీరసంగానే నడిచాయి. ఊపంతా ఏఐ డేటా సెంటర్లది. వాటి మీద భారీగా ఖర్చు పెట్టేది మైక్రోసాఫ్ట్, గూగుల్, అమెజాన్, మెటా లాంటి కొద్దిమందే. 2025 జనవరి 27న, చైనా కంపెనీ డీప్‌సీక్ తక్కువ ఖర్చుతో ఏఐ మోడల్ తయారు చేసిందన్న వార్తకే ఎన్విడియా షేరు ఒక్క రోజులో 17 శాతం పడింది. తర్వాత కోలుకుంది, నిజమే. ఆ రోజే ఇంటి అడ్వాన్సు కట్టాల్సినవాళ్లకు మాత్రం ఆ కోలుకోవడం పనికిరాదు.

మెమరీ చిప్‌ల కథ చూస్తే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. కంప్యూటర్లలో, ఫోన్లలో వాడే డీరామ్ అనే మెమరీ చిప్‌ల మార్కెట్ దాదాపు మొత్తం శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్ చేతుల్లోనే ఉంది. కోవిడ్ కాలంలో లాప్‌టాప్‌లు, ఫోన్లు విపరీతంగా అమ్ముడుపోయాయి, ఉత్పత్తి కూడా పెరిగింది. 2022 రెండో సగానికి కొనేవాళ్లు తగ్గారు, సరుకు గోడౌన్లలో పేరుకుపోయింది. 2022 ఆర్థిక సంవత్సరంలో 3 వేల కోట్ల డాలర్లకు పైగా ఉన్న మైక్రాన్ ఆదాయం మరుసటి ఏడాది సగానికి పడిపోయింది, నష్టం 580 కోట్ల డాలర్లు దాటింది. హైనిక్స్‌కు 2023లో 7.7 లక్షల కోట్ల వాన్ల ఆపరేటింగ్ నష్టం వస్తే, మరుసటి ఏడాదే 23 లక్షల కోట్ల వాన్ల లాభం వచ్చింది. ఇది మీ నాన్నగారికి నేను చెప్పాల్సిన పని లేదు. ఒక ఏడాది ధర బాగుందని అందరూ మిర్చి వేస్తే, మరుసటి ఏడాది గుంటూరు యార్డులో ఏం జరుగుతుందో ఆయనకు తెలుసు. ఫ్యాబ్ (చిప్‌ల ఫ్యాక్టరీ) కట్టడానికి రెండు మూడేళ్లు పడుతుంది కాబట్టి ఇక్కడ ఆ ఎగుడుదిగుడు ఇంకా పెద్దది.

'ఎప్పటికైనా పెరుగుతుంది కదా' అని మీరు అడగొచ్చు. 2000లో ఇంటర్నెట్ ప్రపంచాన్ని మార్చేస్తుందని చిప్ షేర్లు కొన్నవాళ్ల అంచనా తప్పు కాలేదు. అయినా చిప్ కంపెనీల షేర్ల ధరలను చూపే అమెరికాలోని ఫిలడెల్ఫియా సెమీకండక్టర్ సూచీ రెండున్నరేళ్లలో 80 శాతానికి పైగా పడిపోయింది. 2000 నాటి గరిష్ఠాన్ని మళ్లీ దాటేసరికి 2018 వచ్చింది. ఈలోపు స్మార్ట్‌ఫోన్ వచ్చింది, క్లౌడ్ వచ్చింది, చిప్‌ల అమ్మకాలు రెట్టింపు దాటాయి. కొన్న ధర మాత్రం పద్దెనిమిదేళ్లు వెంటాడింది.

నా దగ్గరకు 2021 చివర్లో ఒక జంట వచ్చారు. మీలాగే ఇద్దరూ ఇదే రంగం. ఆర్‌ఎస్‌యూలు అమ్మి ఫ్లాట్‌కు డౌన్‌పేమెంట్ కడదామనుకున్నారు, ఇంకో రెండు త్రైమాసికాలు ఆగితే ఇంకాస్త వస్తుందని ఆగారు. ఏడాదిలో షేరు సగమైంది. అదే సమయంలో ఆయన బోనస్ ఆగింది, ఆమె టీమ్‌ను తీసేశారు. మూడూ విడివిడిగా వచ్చిన కష్టాలు కావు, ఒకే కారణానికి మూడు రూపాలు. ఆ తర్వాత వాళ్లు నా ముందు కూర్చుని పాప స్కూల్ ఫీజు ఏ ఖాతాలోంచి కట్టాలో లెక్క వేసుకున్నారు. మీ ఉత్తరం చదవగానే నాకు గుర్తొచ్చింది అదే.

అందుకే నా దృష్టి 15 లక్షల మీద కంటే ఆ 74 లక్షల మీదే ఎక్కువ ఉంది. వాటిలో 60 లక్షల దాకా, మూడు నెలలకోసారి చొప్పున నాలుగు విడతల్లో అమ్మేయండి. ఇక ముందు వెస్ట్ అయ్యే, అంటే మీ సొంతమయ్యే షేర్లను, ట్రేడింగ్ విండో (ఉద్యోగులు షేర్లు అమ్ముకోవడానికి కంపెనీ అనుమతించే రోజులు) తెరిచిన మొదటి రోజే అమ్మండి. 'రెండేళ్లు ఆగకపోతే ట్యాక్స్ ఎక్కువ' అని చాలామంది భయపడతారు. వెస్ట్ అయిన రోజు విలువ మీద పన్ను మీ జీతంలోనే పోయింది. ఇప్పుడు పన్ను పడేది ఆ రోజు ధర మీద పెరిగిన లాభానికే. 24 నెలలు దాటినవాటి లాభంపై 12.5 శాతం, అంతకులోపు అయితే మీ శ్లాబు ప్రకారం, పైన సెస్. వెస్ట్ అయిన వారంలోనే అమ్మితే లాభమే పెద్దగా ఉండదు, పన్నూ అంతే. ఏటా రిటర్న్‌లో విదేశీ ఆస్తుల వివరాలు రాసే షెడ్యూల్ ఎఫ్‌ఏ నింపడం మాత్రం మర్చిపోవద్దు.

ఇంకో విషయం చాలామందికి తెలియదు. అమెరికా పౌరులు కాని, అక్కడ నివసించని వాళ్లు చనిపోతే, అక్కడి షేర్లు, ఈటీఎఫ్‌ల విలువ 60 వేల డాలర్లు దాటినప్పుడు ఎస్టేట్ ట్యాక్స్ పడుతుంది. అది 40 శాతం దాకా వెళ్తుంది. 60 వేల డాలర్లంటే మన లెక్కలో 50 లక్షల పైమాటే. మీరు ఇప్పటికే ఆ గీత దాటారు. కొత్త ఈటీఎఫ్ ఆ భారాన్నే పెంచుతుంది.

అమ్మిన డబ్బులో మొదటి 12 లక్షలు ఎఫ్‌డీలో, అవసరమైనప్పుడు వెంటనే తీసుకోగల లిక్విడ్ ఫండ్‌లో పెట్టండి. మామూలుగా ఆరు నెలల ఖర్చు చాలంటాను. ఇద్దరి ఉద్యోగాలూ ఒకే రంగంలో ఉన్నాయి కాబట్టి మీకు తొమ్మిది నెలలది కావాలి. తర్వాతి 15 లక్షలు లోన్‌కు కట్టండి. ఫ్లోటింగ్ రేటు లోన్ అయితే ముందుగా కట్టినందుకు పెనాల్టీ ఉండదు. ఈఎంఐ తగ్గించవద్దని, కాలం తగ్గించమని బ్యాంకులో రాసి ఇవ్వండి. ఇప్పటి లెక్కన దాదాపు 200 నెలలు మిగిలి ఉన్న లోన్ సుమారు 120 నెలలకు వస్తుంది. పన్ను పోగా మిగిలింది నిఫ్టీ ఇండెక్స్ ఫండ్‌లో, పెద్ద, చిన్న కంపెనీలన్నింటిలో పెట్టే ఒక ఫ్లెక్సీక్యాప్ ఫండ్‌లో ఏడాది పాటు నెలనెలా వేయండి. మిగిలే 14 లక్షల షేర్లు చాలు, చిప్‌ల మీద మీ నమ్మకానికి.

ఇక పొలం డబ్బు. నాన్నగారు మీ ఖాతాలో వేశారన్నారు గానీ, మీకే ఇచ్చేశారో, పెంచమని అప్పగించారో రాయలేదు. ఈసారి తెనాలి వెళ్లినప్పుడు అమ్మగారిని కూడా కూర్చోబెట్టుకుని అడగండి. వాళ్ల మందులకు, పండగలకు, ఆసుపత్రికి అదే ఆధారమైతే, ఆయనకు 60 దాటి ఉంటే, ఆయన పేరునే సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్‌లో వేయించండి. 8.2 శాతం వడ్డీ లెక్కన 15 లక్షలకు మూడు నెలలకోసారి 30,750 రూపాయలు నేరుగా ఆయన ఖాతాలో పడతాయి. అది మీకే అని ఆయన అంటే అప్పుడు నాకు మళ్లీ రాయండి, మీ మిగతా లెక్కలతో కలిపి చూద్దాం.